నూరియా మెట్లు దిగిన రోజు

యుద్ధం మొదలై ఆ రోజుకి పన్నెండు రోజులు. రెడ్డిగూడెం నుంచి విస్సన్నపేట వెళ్ళే రోడ్డు పక్క తోటలో బంగినపల్లి కోత జరుగుతోంది. దుర్గాప్రసాద్‌తో పాటు ఇంకో ఆరుగురు మగవాళ్ళు చిక్కం కట్టిన గెడలతో కాయలు దింపుతున్నారు. ఆ కాయల్ని బరకం పట్టా మీద బోర్లించి, సొన కారిపోయాక మచ్చ పడ్డవాటిని పక్కకు తీసి, మిగిలినవి ట్రేలలో సర్దే పని ఆడవాళ్ళది. దుర్గాప్రసాద్ భార్య కృష్ణవేణి వాళ్ళలో ఒకతె. డిగ్రీ చదువుతున్న కూతురు హారిక, కాలేజీకి సెలవులు కావడంతో తల్లి పక్కనే కూర్చుని పని చేస్తోంది.

కృష్ణవేణికి నలభై నాలుగేళ్ళు. అందులో ఎనిమిదేళ్ళు కువైట్‌లో గడిచాయి. వంటపనికని తీసుకెళ్ళినవాళ్ళు ఏడాది తిరక్కుండానే ఆమెను ఆ ఇంటి పెద్దావిడ నూరియాకు అప్పగించారు. లేపడం, స్నానం చేయించడం, మాత్రలు మింగించడం, పక్క గదిలో పడుకుని పిలిస్తే పలకడం. అక్కడ పనివాళ్ళు ఇంటావిడను మామా, అంటే అమ్మా, అని పిలుస్తారు. అలా పిలవడానికి కృష్ణవేణికి మొదట్లో నవ్వొచ్చేది. నూరియాకేమో వేణి అన్న మాట నోరు తిరిగేది కాదు. ఫేనీ అనేది. తిరిగొచ్చేసి రెండేళ్ళయినా ఆ పిలుపు కృష్ణవేణికి అప్పుడప్పుడు కలలో వినిపిస్తూనే ఉంది.

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో గల్ఫ్‌లో మనిషి లేని వీధి లేదు. అందుకని కొమ్మకు తగిలించిన దుర్గాప్రసాద్ ఫోన్లో పొద్దుట్నించీ వార్తలు మోగుతూనే ఉన్నాయి. తెల్లవారుజామున గల్ఫ్‌లో మూడు నగరాల మీద క్షిపణులు పడ్డాయని, సముద్రంలో చమురు ఓడ ఒకటి అంటుకుందని, యూరప్‌లో నది దాటుతున్న సైన్యం మీద బాంబులు వేశారని, తూర్పున దీవుల దగ్గర రెండు దేశాల నౌకలు ఎదురుపడ్డాయని ఒకదాని వెంట ఒకటి చదువుతున్నారు. దుబాయ్‌లో మరిది ఉన్న పద్మ ప్రతి వార్తకీ చెయ్యి ఆపి వింటోంది. మిగతావాళ్ళు కాయలు ఏరుతూ వింటున్నారు.

ఎనిమిది గంటలకి కృష్ణవేణి ఫోను మోగింది. పేరు చూసి ఆమె దాన్ని మళ్ళీ బొడ్లో దోపుకుంది. కాసేపటికి మళ్ళీ మోగింది. ఎవరమ్మా అని హారిక అడిగితే, బదరియా అని మాత్రం చెప్పింది.

బదరియా నూరియా కోడలు. ఆ ఇంట్లో జీతం ఇచ్చేదీ, ఫోను ఇచ్చేదీ, తీసుకునేదీ ఆవిడే. ఆరేళ్ళ కిందట ఏదో గాజు సామాను పగిలిందన్న కోపంలో కృష్ణవేణి ఫోను తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ వారంలోనే ఇక్కడ కృష్ణవేణి తల్లికి గుండెపోటు వచ్చి ప్రాణం పోయింది. ఆ సంగతి ఆమెకు తెలిసేసరికి పదకొండు రోజులు గడిచిపోయాయి. దినం కూడా అయిపోయింది. ఆ రాత్రి నూరియా తన మంచం మీంచి లేచొచ్చి, పనిమనిషి చాప మీద కూర్చుని, తెల్లారేదాకా ఆమె వీపు నిమిరింది. ఇంటికొచ్చాక ఈ రెండూ కృష్ణవేణి ఎవరికీ పెద్దగా చెప్పుకోలేదు. హారికకు మాత్రం తెలుసు. అందుకే ఇంకేమీ అడగలేదు.

మూడోసారి ఫోను మోగలేదు. ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. హారిక దాన్ని పెట్టింది. మొదట సైరన్ మోత, దాని మీద బదరియా గొంతు గబగబా ఏదో అంటోంది. ఆ వెనకాల ఎక్కడో దూరంగా ఒక ముసలి గొంతు అదే మాటని మళ్ళీ మళ్ళీ పిలుస్తోంది. ఫేనీ, ఫేనీ.

కృష్ణవేణి చేతిలో కాయ కింద పెట్టి, కొంగుతో సొన తుడుచుకుని, తనే తిరిగి ఫోను చేసింది.

బదరియా చెప్పింది ఇది. ఆమె భర్త ఖాలిద్ రేవులో మంటలార్పే దళంలో ఉంటాడు. రెండు రోజులుగా ఇంటికి రాలేదు. కొత్తగా పెట్టుకున్న పనిమనిషి తన దేశం వాళ్ళ ఎంబసీకి వెళ్ళిపోయింది. తెల్లవారుజాము నుంచి సైరన్లు ఆగడం లేదు. పిల్లలిద్దర్నీ నేలమాళిగలో కూర్చోబెట్టింది. అత్తగారు మాత్రం హాల్లో గాజు తలుపుల ముందు కుర్చీ వేసుకుని కదలనంటోంది. లాగితే కొరికింది. ఎత్తుదామంటే బరువు.

నూరియా అక్కడ ఎందుకు కూర్చుందో కృష్ణవేణికి ఒకరు చెప్పనక్కర్లేదు. ముప్పై ఏళ్ళు దాటిపోయిన పాత యుద్ధంలో ఆమె పెద్దకొడుకు ఫహద్‌ను ఆ తలుపులోంచే సైనికులు తీసుకెళ్ళారు. మళ్ళీ రాలేదు. మతిమరుపు ముదిరాక ఆమె ఆ కొడుకు కోసం ఎదురుచూడటం ఒక్కటే మర్చిపోలేదు. ఇప్పుడీ సైరన్లు ఆమెను నేరుగా ఆ రోజుల్లోకి తీసుకెళ్ళిపోయాయి.

"వీడియో పెట్టండి మేడమ్. ఆవిడ ముందు పెట్టి మీరు మాట్లాడకండి," అంది కృష్ణవేణి అరబ్బీలో.

అని చుట్టూ చూసింది. వెనకాల మామిడి చెట్లు, ట్రేలు, ఎండ. నూరియా ఇవి చూస్తే ఫేనీ ఇంట్లో లేదని తెలిసిపోతుంది. హారికకు చెప్పగానే ఆ పిల్ల లేచి, పద్మ భుజం మీది తువ్వాలు తీసుకుని, తల్లి వెనక గోడలాగా పట్టుకుని నిలబడింది. చుట్టూ ఉన్నవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. దుర్గాప్రసాద్ గెడ దించి, వార్తలు వస్తున్న ఫోను ఆపేశాడు.

తెరమీద నూరియా కనబడింది. ముఖం సగానికి సగం తగ్గిపోయింది. తలమీద నల్లగుడ్డ పక్కకు జారి తెల్లజుట్టు బయటపడింది. కృష్ణవేణికి ఆ జుట్టు ముందు దువ్వాలనిపించింది.

"ఫేనీ, ఎక్కడికి పోయావ్?" అంది నూరియా.

"కింద ఉన్నాను మామా. నేలమాళిగలో బియ్యం ఏరుతున్నాను."

"నేను రాను. ఫహద్ వస్తాడు. తలుపు దగ్గర ఎవరూ లేకపోతే వెళ్ళిపోతాడు."

"వస్తే అన్నం పెట్టొద్దా మామా? నాకు కళ్ళజోడు లేదు. రాళ్ళు కనబడటం లేదు. మీరొచ్చి చూడకపోతే అన్నంలో రాళ్ళు పడతాయి."

నూరియా ఆలోచించింది. బియ్యం ఏరడం వాళ్ళిద్దరి పని. ఆ బియ్యంలో రాళ్ళేమీ ఉండేవి కావు. నూరియా చిన్నప్పటి అలవాటు కాబట్టి, పొద్దుపోవడానికి కృష్ణవేణి రోజూ పళ్ళెంలో బియ్యం పోసి ముందు పెట్టేది. ఇద్దరూ గంటలు గంటలు కూర్చునేవాళ్ళు.

"నీకు ఏరడం ఎప్పుడొచ్చింది గనక," అంటూ ఆమె కుర్చీ చేతులు పట్టుకుని లేచింది.

బదరియా ఫోనును ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకుని వెనక్కి నడవడం మొదలుపెట్టింది. నూరియా ఫోన్లోని కృష్ణవేణి ముఖాన్నే చూస్తూ అడుగు తర్వాత అడుగు వేసింది. ఆ మెట్లు కృష్ణవేణికి కంఠతా వచ్చు. పద్నాలుగు. ఏడో మెట్టు దగ్గర మలుపు. కుడివైపు కమ్మీ. "కుడిచెయ్యి కమ్మీ మీద పెట్టండి మామా, ఒకటి" అంటూ అరబ్బీలో లెక్కపెట్టింది. రెండు. మూడు. ఏడు దగ్గర నూరియా ఆగి, కాళ్ళు నొప్పులంది. నొప్పులకి నూనె రాస్తాను, కింద వేడి చేసి ఉంచాను అంది కృష్ణవేణి. ఎనిమిది. తొమ్మిది. పది అంటుండగా పెద్ద చప్పుడైంది. తెరమీద బొమ్మ ఒక్కసారి వంకర తిరిగి, ఆగిపోయింది.

మళ్ళీ చేసింది. కలవలేదు. హారిక తన ఫోన్నించి చేసింది. కలవలేదు.

"ఇంకా నాలుగు మెట్లున్నాయే," అంది కృష్ణవేణి, తనలో తను అనుకున్నట్టు.

సరిగ్గా అప్పుడు నారాయణరావు కారు దిగి వచ్చాడు. ఆయన నూజివీడులో మామిడి వర్తకుడు. ఆ తోట కాపు ఆయనే గుత్తకు తీసుకున్నాడు. అరవై దాటినా గొంతు ఖంగుమంటుంది. కోత ఆగిపోయి అందరూ ఒకచోట మూగి ఉండటం చూసి, ఏంటిదంతా అని గట్టిగానే అడిగాడు. రెండింటికల్లా లారీ బయలుదేరాలని, కాయ ఎండలో పడుంటే నల్లబడుతుందని, ఫోన్లు ఇంటికెళ్ళి మాట్లాడుకోమని అన్నాడు. దుర్గాప్రసాద్ ఏదో చెప్పబోతే కృష్ణవేణి వద్దని కళ్ళతో వారించి, వెళ్ళి బరకం మీద కూర్చుని కాయలు సర్దడం మొదలుపెట్టింది. హారిక తల్లి ముందున్న కాయల్ని సగం తన వైపు లాక్కుంది.

రెండు గంటలు అలాగే గడిచాయి. కృష్ణవేణి పది నిమిషాలకోసారి ఫోను చేస్తూనే ఉంది. నేనే ఆ మెట్లమీదికి నడిపించాను అనుకుంది. అక్కడే కూర్చోనిచ్చి ఉంటే ఏమయ్యేదో, దిగుతూ పడిపోయిందేమో. అబద్ధం చెప్పి నడిపించింది.

పదకొండింటికి నారాయణరావు మళ్ళీ వాళ్ళ దగ్గరికొచ్చాడు. ఈసారి నడక వేరుగా ఉంది. ఫోను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. నేరుగా కృష్ణవేణి ఎదుట బరకం మీదే కూర్చున్నాడు. కూలివాళ్ళ మధ్య ఆయన అలా కింద కూర్చోవడం ఎవరూ చూడలేదు.

"అమ్మా, నీకు అరబ్బీ వచ్చంటగా. దీన్లో ఏం చెప్తున్నారో చూడమ్మా," అన్నాడు.

ఆయన కొడుకు తరుణ్ చమురు ఓడ మీద ఇంజనీరు. పొద్దున వార్తల్లో అంటుకుందని చెప్పిన ఓడ పేరు ఇప్పుడే బయటికొచ్చింది. తరుణ్ ఉన్నది దాన్లోనే. కంపెనీ వాళ్ళు సమాచారం లేదంటున్నారు. నూజివీడులో ఆయన భార్య శకుంతల టీవీ ముందునుంచి లేవడం లేదు. ఎవరో పంపిన అరబ్బీ చానల్ వీడియో ఆయన చేతిలో ఉంది. నల్లటి పొగ, సముద్రం, మైకు పట్టుకున్న మనిషి.

కృష్ణవేణి రెండుసార్లు వింది. మూడోసారి చెవి దగ్గర పెట్టుకుని వింది. ఓడలో ఇరవై మూడుమంది. ఇరవై రెండుమందిని పడవల్లో ఒడ్డుకు చేర్చారు. ముగ్గురికి గాయాలు, ఆసుపత్రిలో ఉన్నారు. ఒకరు కనబడలేదు. ఆ ఆఖరి మాట దగ్గర ఆమె ఆగింది. నారాయణరావు ఆమె ముఖమే చూస్తున్నాడు.

"ఒక్కరు కనపడలేదంటున్నారండి," అంది. "ఎవరో చెప్పలేదు. మిగతావాళ్ళంతా ఒడ్డుకొచ్చారండి. తీసుకొచ్చింది కువైట్ రేవుకే."

ఆయన తల ఊపాడు. పద్మ మంచినీళ్ళు ఇస్తే తాగాడు. తర్వాత, పొద్దున నువ్వు మాట్లాడింది మీవాళ్ళతోనా అని అడిగాడు. నేను పనిచేసిన ఇంటి పెద్దావిడండి అని, జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పింది. ఖాలిద్ ఆ రేవులోనే పనిచేస్తాడని, ఫోను కలిస్తే మీ అబ్బాయి సంగతి అడుగుతానని కూడా చెప్పింది. లారీ రెండింటికి కాదు, మూడింటికి వెళ్ళింది. దాని గురించి ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు.

మూడున్నరకు బదరియా నుంచి ఫోను వచ్చింది.

చప్పుడైంది వీధి చివర. హాల్లో గాజు తలుపులు ముక్కలై, నూరియా కూర్చున్న కుర్చీలో గుచ్చుకున్నాయట. ఆ సమయానికి ఆమె పదో మెట్టు మీద ఉంది. దడుచుకుని కూలబడిపోయింది కాని పడలేదు, కమ్మీ వదల్లేదు. మిగతా నాలుగు మెట్లూ కూర్చునే జరుగుతూ దిగింది. ఇప్పుడు కింద పరుపు మీద నిద్రపోతోంది. దిగగానే ఫేనీ ఏదని అడిగిందట. బాత్రూములో ఉందని చెప్పానని బదరియా అంది. సగం నవ్వు, సగం ఏడుపు.

కృష్ణవేణి ఫోను హారికకిచ్చి, చెట్టు మొదటికి వీపు ఆనించి కూర్చుంది. కాసేపటికి మళ్ళీ తీసుకుని ముందు తరుణ్ సంగతి చెప్పింది. ఓడ పేరు, మనిషి పేరు, వయసు. ఖాలిద్‌ను అడుగుతానంది బదరియా. అక్కడితో ఫోను పెట్టేయొచ్చు. ఇద్దరూ పెట్టలేదు.

"మేడమ్, మా అమ్మ పోయినప్పుడు నా ఫోను మీ బీరువాలో ఉంది," అంది కృష్ణవేణి.

ఆరేళ్ళలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. కోపంగా అనలేదు. కాయల్లో మచ్చ చూపించినట్టు చూపించింది.

"తెలుసు," అంది బదరియా. "మా అమ్మ ఊరికి నాలుగు రోజులుగా ఫోన్లు లేవు. నాలుగు రోజులకే నాకు పిచ్చెక్కుతోంది. నీకు పదకొండు."

ఫరవాలేదు అనడానికి కృష్ణవేణికి మనసొప్పలేదు. కలుస్తుందిలెండి, లైన్లు బాగుచేస్తారు అంది. పెద్దావిడ లేచాక పాలలో బ్రెడ్డు నానబెట్టి పెట్టమని, మాత్ర ఖర్జూరంలో దాచి ఇస్తేనే మింగుతుందని చెప్పింది. బదరియా అన్నిటికీ సరేనంది.

అయిదవుతుండగా మరో మెసేజ్ వచ్చింది. ఖాలిద్ తన ఫోన్లో రికార్డు చేసి పంపిందది. హారిక పెట్టగానే తెలుగు వినిపించింది. "నాన్నా, నేను తరుణ్‌ని. బానే ఉన్నా. చేతులు కాలాయి, అంతే. నా ఫోను ఓడలోనే పోయింది. అమ్మకి చెప్పు." నారాయణరావు దాన్ని ఎన్నిసార్లు పెట్టించుకున్నాడో లెక్కలేదు. శకుంతలకు ఫోను చేసి, ఈ ఫోను ఆ ఫోనుకి ఆనించి వినిపించాడు. అప్పుడు ఏడ్చాడు, ఎవరున్నారో చూసుకోకుండా. కాస్త తేరుకున్నాక, ఆ కనబడని మనిషి ఎవరో తెలిసిందా అని అడిగాడు. వేరే దేశపు కుర్రాడట, తరుణ్ గదిలోనే ఉండేవాడట, ఖాలిద్ రాశాడు అని కృష్ణవేణి చెప్పింది. వాడి తండ్రికి ఇవాళ ఎవరు చెప్తారో అన్నాడు ఆయన.

ఆ సాయంత్రం వార్తల్లో ఆ రోజు లెక్క చెప్పారు. నది దగ్గర ఇన్ని వందలమంది, దీవుల దగ్గర రెండు నౌకలు, గల్ఫ్‌లో ఇన్ని క్షిపణులు, ఓడలో ఒకరు. పద్మ మరిది ఫోన్లో దొరికాడు, క్షేమంగానే ఉన్నాడు. దుర్గాప్రసాద్ వార్తలు కట్టేసి, పదవే కృష్ణవేణీ, పొద్దుట్నించీ నువ్వేమీ తినలేదు అన్నాడు.

యుద్ధం ఇంకా పంతొమ్మిది రోజులు నడిచింది. చేతులకు వైద్యం కోసమని తరుణ్‌ను ముందు అక్కడే ఉంచి, జూన్ చివర్లో కట్లతోనే పంపారు. వచ్చిన మూడో రోజు తల్లిదండ్రులతో కలిసి కృష్ణవేణి ఇంటికొచ్చాడు. శకుంతల చీర, పళ్ళు పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. బదరియా తల్లి ఊరికి ఫోన్లు కలిశాయి. ఆవిడ బతికే ఉంది.

ఆ పంతొమ్మిది రోజులూ పొద్దున్నే కోత మొదలయ్యే ముందు బదరియా ఫోను చేసేది. కృష్ణవేణి ఫోన్లోంచే ముద్దలు లెక్కపెడుతూ నూరియా చేత అన్నం తినిపించేది, తల దువ్వించేది, ఫహద్ గురించి చెప్తుంటే వినేది. ప్రతిసారీ పక్కగదిలో ఉన్నానని అబద్ధం చెప్పేది. కాల్పులు ఆగాయన్న మర్నాడు తువ్వాలు పట్టుకోవడానికి హారిక లేదు. బస్సెక్కి కాలేజీకి వెళ్ళిపోయింది. కృష్ణవేణి వెనకాల చెట్లు కనబడ్డాయి.

"అదేంటి ఫేనీ, ఎక్కడున్నావ్?" అని అడిగింది నూరియా.

ఇక దాచాలనిపించలేదు. మా ఊళ్ళో ఉన్నాను మామా, మామిడి తోటలో, ఇది మా ఇంటాయన పనిచేసే తోట అని చెప్పి ఫోను తిప్పి చూపించింది. కోతలు అయిపోవచ్చాయి. చిటారు కొమ్మల్లో నాలుగు కాయలు మిగిలాయి. నూరియా కళ్ళు చికిలించి అవన్నీ చూసింది.

"అక్కడ సైరన్లు మోగుతాయా?"

"లేదు మామా."

"అయితే అక్కడే ఉండు," అంది నూరియా. ఆ తర్వాత, ఇవాళ తన తల ఎవరు దువ్వుతారని అడిగింది. బదరియా దువ్వెన తెచ్చింది. జడ ఎలా వెయ్యాలో, పాయలు ఎంత వదులుగా పట్టాలో కృష్ణవేణి ఇక్కడినుంచి ఒక్కొక్కటే చెప్తూ కూర్చుంది.